పెద్ద సినిమాకు నిదానం, చిన్న సినిమాకు తొందర

మా బావమరిది విశాఖ ఉక్కునగరంలో ఉంటాడు. స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. పెద్ద సినిమా విడుదల తేదీ తెలియగానే అతను మొదట చూసుకునేది ఆ వారం తనకు ఏ షిఫ్టు పడిందని. రాత్రి డ్యూటీ అయిన "సి" షిఫ్టు పడితే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. ఉదయం డ్యూటీ అయిన "ఎ" షిఫ్టు పడితే ఆ రాత్రే నాకు ఫోను వస్తుంది: "బావా, ప్రీమియర్‌కి రెండు టికెట్లు తీయనా?"

నేను వద్దంటాను. అతను తీస్తాడు. ఇద్దరం వెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు గాజువాక దాటేవరకు ఇద్దరం నోరు విప్పని రాత్రులు కొన్ని ఉన్నాయి. అలా పోగొట్టుకున్న డబ్బుతో నేర్చుకున్న లెక్క ఇది.

మన ముందు నాలుగు దారులున్నాయి. విడుదలకు ముందు పడే ప్రీమియర్ లేదా బెనిఫిట్ షో, మొదటి వారాంతం, రెండో వారం, చివరికి ఇంట్లో ఓటీటీ. మనలో చాలామంది పెద్ద తార సినిమాకు మొదటి రోజే పరుగెత్తి, చిన్న సినిమాను "ఓటీటీలో చూద్దాంలే" అని పక్కన పెడతారు. నా అనుభవంలో ఇది సరిగ్గా తిరగబడాలి. చిన్న సినిమాకే తొందరపడాలి, పెద్ద సినిమాకు పది రోజులు ఆగాలి. ఎందుకో చెబుతాను.

పుచ్చకాయ బేరం

సినిమా బాగుంటుందో లేదో విడుదలకు ముందు మనకు తెలియదు. తీసినవారికి కూడా పూర్తిగా తెలియదని నా అనుమానం. కానీ అమ్మే పద్ధతి మాత్రం మన కళ్లముందే ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో ఎండాకాలం పుచ్చకాయలు కొన్నవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకతను కాయకు గాటు పెట్టి, ఎర్రటి ముక్క తీసి చేతిలో పెట్టి, ఆ తర్వాత ధర చెబుతాడు. ఇంకొకతను కాయను తట్టి చప్పుడు వినిపించి, తేనెలా ఉంటుందని చెప్పి ముందే డబ్బు అందుకుంటాడు. రెండో అతని కాయ కూడా తియ్యగానే ఉండవచ్చు. లేకపోతే మాత్రం నష్టం మనదే.

ప్రీమియర్లు కూడా ఇలాగే రెండు రకాలు. 2024 సంక్రాంతికి "హనుమాన్" జనవరి 12న విడుదల. అదే రోజున మహేశ్ బాబు "గుంటూరు కారం". అంత పెద్ద తార ఎదురుగా ఉన్నప్పుడు థియేటర్లు దొరకడమే కష్టం. జనం నోటి మాట తప్ప ఆ సినిమాకు వేరే ఆయుధం లేదు. అందుకే ముందు రోజే పెయిడ్ ప్రీమియర్లు వేశారు, అంటే కాయ కోసి చూపించారు. పండగ అయ్యేసరికి ఎవరి మాట నిలబడిందో అందరూ చూశారు. 2025 మార్చి 14న వచ్చిన "కోర్ట్" ఇంకొంచెం తెగించింది. విడుదలకు ముందే ప్రీమియర్లు వేయడంతో ఆగకుండా, ఈ సినిమా నచ్చకపోతే తన తర్వాతి సినిమా "హిట్ 3" చూడవద్దని సమర్పకుడు నాని వేదిక మీదే చెప్పాడు. తన సొంత సినిమాను తాకట్టు పెట్టి తను నటించని సినిమాను అమ్మడమంటే మాటలు కాదు. పైగా ఆ కథ మన విశాఖలో జరిగేదే. చిన్న సినిమాకు ఇలాంటి ప్రీమియర్ పడుతోందంటే నేను ఇక ఆలోచించను. బావమరిది ఫోను చేయకముందే నేనే టికెట్లు తీస్తాను.

రెండో రకం వేరు. 2025 జనవరిలో "గేమ్ ఛేంజర్" అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు ఆంధ్రప్రదేశ్‌లో 600 రూపాయలకు అనుమతి వచ్చింది. సెప్టెంబరులో "ఓజీ" ప్రత్యేక ఆటకు అది 1,000 రూపాయలకు చేరింది. మామూలు రోజుల్లో మన మల్టీప్లెక్సులో సాధారణ సీటు 177 రూపాయలు, రిక్లైనర్ 295. ఈ వింత అంకెలు ఎక్కడివంటారా? 2022 మార్చిలో ప్రభుత్వం ఖరారు చేసిన 150, 250 రూపాయలకు 18 శాతం జీఎస్టీ కలిపితే వచ్చేవి. నలుగురున్న కుటుంబానికి వెయ్యి చొప్పున 4,000, మామూలు ధరకు 708. తేడా 3,292 రూపాయలు. ఆ డబ్బుతో నలుగురం అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసి రావచ్చని మా ఇంట్లో ఒకసారి లెక్క తేలింది. లెక్క చెప్పింది నేను కాదు.

బెనిఫిట్ షో అనే మాటను ఒకప్పుడు ఏదైనా సహాయ నిధికి డబ్బు పోగుచేసే ఆటకు వాడేవారు. ఇప్పుడు ఆ బెనిఫిట్ ఎవరికో టికెట్టు మీద రాయరు.

ధర ఎందుకు పెంచుతారో తెలిస్తే కోపం కొంచెం తగ్గుతుంది. తెలుగు సినిమా వ్యాపారం ఏరియాల వారీగా నడుస్తుంది: నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. మన ఊరు ఉత్తరాంధ్ర ఏరియాలోకి వస్తుంది. ఇక్కడి హక్కుల కోసం బయ్యర్ ఒక మొత్తం ముందే కడతాడు. ఎన్ఆర్ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) పద్ధతిలో కొంటే సినిమా పోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. తారల పారితోషికం పెరిగితే హక్కుల ధర పెరుగుతుంది. ఓటీటీ నెల తిరక్కుండానే వస్తుంది. ఒకప్పుడు యాభై రోజుల్లో నింపుకునే గల్లాను ఇప్పుడు పది రోజుల్లో నింపుకోవాలి. సినిమా టాక్ బయటికి పొక్కకముందే ఎంత వస్తే అంత. కాబట్టి ప్రీమియర్‌కు పెట్టిన ఆ పెద్ద ధరను సినిమా మీద నమ్మకమని నేను అనుకోను. అది బయ్యర్ భయం, తార మీద జనానికున్న ప్రేమ కలిసిన ధర. పెంపు అనుమతులు ఎక్కువగా పది రోజులకే ఉంటాయి. పదకొండో రోజున అదే సినిమా, అదే సీటు, అదే ఏసీ, మామూలు ధర.

అలాగని ప్రీమియర్‌ను పూర్తిగా కొట్టిపారేయను. తెర మీద తార మొదటిసారి కనిపించే క్షణంలో హాలంతా లేచి నిలబడే ఆ గోల రెండో వారంలో దొరకదు. ఆ గోల కోసమే డబ్బు ఇస్తున్నానని తెలిసి ఇస్తే నష్టం లేదు. జాతరకు వెళ్లి రద్దీ ఎక్కువగా ఉందని విసుక్కోం కదా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: పిల్లలను తీసుకెళ్లవద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాదులో "పుష్ప 2" ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. నా దృష్టిలో ఆ తర్వాత ఈ విషయంలో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

ఉప్పు తర్వాత వేసే వంట

మొదటి రోజు చూసేవారికి ఇంకో నష్టం ఉంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ మధ్య పెద్ద సినిమాలు పూర్తిగా తయారు కాకుండానే థియేటర్‌కు వస్తున్నాయి. "గేమ్ ఛేంజర్"లో బాగా ప్రచారం చేసిన ఒక పాట మొదటి రోజు ప్రింట్లలో లేదు, తర్వాత కలిపారు. ఆ పాట కోసమే వెళ్లినవారి సంగతేమిటి? 2025 జూలై 24న వచ్చిన "హరిహర వీరమల్లు"లో గ్రాఫిక్స్ మీద విమర్శలు వచ్చాక కొన్ని దృశ్యాలు మార్చారు, కత్తిరించారు. "పుష్ప 2" అప్పటికే మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఆరు వారాల తర్వాత 2025 జనవరి 17 నుంచి ఇంకో 20 నిమిషాలు కలిపి "రీలోడెడ్" పేరుతో మళ్లీ వేశారు.

విస్తరి ముందు మొదట కూర్చున్నవాడికి ఉప్పు లేని పప్పు, ఆఖరి బంతివాడికి నెయ్యి వేసిన పప్పు. ఎక్కువ డబ్బు ఇచ్చింది మాత్రం మొదటి బంతివాడు. మార్కెటింగ్ వాళ్లు దీన్ని "అభిమానుల కోరిక మేరకు" అంటారు. నేను దీన్ని రెండో వారానికి ఆగడానికి ఇంకో కారణం అంటాను.

28, 56

ఇంట్లో చూద్దామనుకునేవారు గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు ఈ రెండే. "గుంటూరు కారం" 2024 జనవరి 12న థియేటర్లోకి, ఫిబ్రవరి 9న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. లెక్కపెడితే 28 రోజులు. "గేమ్ ఛేంజర్" జనవరి 10 నుంచి ఫిబ్రవరి 7 వరకు, 28. "ఓజీ" సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 23 వరకు, 28. "కోర్ట్" మార్చి 14 నుంచి ఏప్రిల్ 11 వరకు, అదీ 28. ఇటువైపు "ఆర్ఆర్ఆర్" 2022 మార్చి 25 నుంచి మే 20 వరకు 56 రోజులు. "కల్కి 2898 ఏడీ" 2024 జూన్ 27 నుంచి ఆగస్టు 22 వరకు 56. "పుష్ప 2" డిసెంబర్ 5 నుంచి జనవరి 30 వరకు 56.

ఇదేదో జాతకం అనుకోవద్దు. హిందీ సినిమాలను ప్రదర్శించే జాతీయ మల్టీప్లెక్సు గొలుసులు ఎనిమిది వారాల లోపు ఓటీటీకి ఇచ్చే సినిమాకు తెరలు ఇవ్వవు. కాబట్టి హిందీలో భారీగా ఆడించాలనుకున్న నిర్మాత 56 రోజులు ఆగాలి. తెలుగు రాష్ట్రాల వసూళ్లే ప్రధానం అనుకున్నవారు నాలుగు వారాలకే ఇస్తారు, దానికి ఓటీటీ ఎక్కువ ధర ఇస్తుంది. "దేవర" రెండు పడవల మీదా కాలు పెట్టింది. 2024 సెప్టెంబర్ 27న విడుదలై నవంబర్ 8న తెలుగు, ఇతర దక్షిణాది భాషల్లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. హిందీ మాత్రం నవంబర్ 22న, అంటే సరిగ్గా 56వ రోజుకు.

దీనివల్ల మనకు రెండు సంగతులు తెలుస్తాయి. ఓటీటీకి తొందరగా వచ్చిందంటే సినిమా పోయిందని అర్థం కాదు. బాగా ఆడిన "కోర్ట్", నిరాశపరిచిన "గేమ్ ఛేంజర్" ఒకే వ్యవధిలో వచ్చాయి, ఎందుకంటే ఒప్పందం ముందే అయిపోతుంది. ఇక రెండోది, నిర్మాత పట్నాలో ట్రైలర్ విడుదల చేశాడంటే ("పుష్ప 2"కు అదే జరిగింది) మీరు ఇంట్లో చూడటానికి రెండు నెలలు ఆగాలన్నమాట. అలాంటి సినిమాను రెండో వారంలో థియేటర్‌లోనే చూసేయడం మేలు. రెండు నెలల పాటు కథ చెవిన పడకుండా తప్పించుకోవడం ఈ ఊళ్లో సాధ్యం కాదు. బీచ్ రోడ్డులో మూరీ మిక్చర్ కలిపే అతను కూడా క్లైమాక్స్ చెప్పేస్తాడు.

ఈ రెండు అంకెలకూ లొంగని సినిమాలూ ఉంటాయి. 2025 జనవరి 14న వచ్చిన "సంక్రాంతికి వస్తున్నాం" 46 రోజులకు మార్చి 1న ఓటీటీలోనూ, టీవీ చానల్‌లోనూ ఒకే రోజు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకు యాప్ తెరిచి పెట్టే పని లేకుండా రిమోట్ నొక్కితే చాలు. ఆ ఆలోచన ఎవరిదో గాని, తన ప్రేక్షకులెవరో తెలిసినవారి పని.

రెండో వారంలో చిన్న సినిమా దొరకదు

పెద్ద సినిమాకు పది రోజులు ఆగమన్నాను. చిన్న సినిమాకు ఈ సలహా పనికిరాదు. పెద్ద సినిమా ఎంత చెడ్డగా ఉన్నా పది రోజులు తెరల మీద ఉంటుంది, ఎందుకంటే బయ్యర్, ఎగ్జిబిటర్ (థియేటర్ నడిపేవాడు) ఇద్దరి డబ్బూ అందులో ఇరుక్కుని ఉంటుంది. చిన్న సినిమాకు మొదటి శుక్రవారం నాలుగు ఆటలు ఉంటే, రెండో శుక్రవారానికి మధురవాడ చివర ఎక్కడో ఉదయం ఆట ఒక్కటి మిగులుతుంది. ఆ ఆటకు గాజువాక నుంచి ఎవరు వస్తారు? అందుకే చిన్న సినిమా శనివారం టాక్ బాగుంటే ఆదివారమే చూసేయాలి. "లిటిల్ హార్ట్స్" లాంటిది 2025 సెప్టెంబర్ 5న వచ్చి నవ్వించింది. అలాంటి నవ్వుకు పక్కన ఇంకో రెండు వందల మంది కావాలి. ఆ సినిమా అక్టోబర్ 1 కల్లా ఓటీటీకి వచ్చేసింది. ఇంట్లో చూసిన మా ఆవిడ "ఇందులో ఏముంది?" అంది. హాలులో చూసిన నేను ఏమీ చెప్పలేకపోయాను.

మరి టాక్ ఎలా తెలుసుకోవాలి? పోస్టర్ మీద వసూళ్ల అంకెను పట్టించుకోవద్దు. అందులో వేసేది గ్రాస్. అంటే జీఎస్టీ, థియేటర్ అద్దె అన్నీ కలిసిన మొత్తం. బయ్యర్‌కు మిగిలేది షేర్, దాన్ని పోస్టర్ మీద వేయరు. ఏదైనా మన కుర్చీకి సంబంధం లేని అంకె. ప్రీ రిలీజ్ ఈవెంట్లో చెప్పేవాటికి అంతకన్నా విలువ లేదు. 2023 జనవరి 8న "వాల్తేరు వీరయ్య" ఈవెంట్ మన ఆంధ్ర యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాల మైదానంలో జరిగింది. ఊరి పేరు పెట్టుకున్న సినిమా ఊరికి రావడం సంతోషమే. అంతకు మించి ఈవెంట్ నుంచి తెలిసేది ఏమీ ఉండదు.

నేను చూసేది సోమవారం ఫస్ట్ షో. బుకింగ్ యాప్ తెరిచి మొదటి సోమవారం సాయంత్రం ఆటలో ఎన్ని సీట్లు నిండాయో చూస్తాను. శుక్రవారం అభిమానులు నింపుతారు, ఆదివారం సెలవు నింపుతుంది. సోమవారం సాయంత్రం మాత్రం ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినవాడు ఎవరో చెప్పిన మాట నమ్మి మళ్లీ బయలుదేరాలి. సగం నిండినా ఆ సినిమాలో ఏదో ఉన్నట్టే.

ఇది కాక నాకు ముగ్గురు మనుషులున్నారు. మా వదిన, ఏడిపించే సినిమా అయితే ఎలా ఉన్నా బాగుందంటుంది. మా ఆఫీసులో ఒకాయనకు ఏదీ నచ్చదు, ఆయన "ఒకసారి చూడొచ్చు" అన్నారంటే అది గొప్ప సినిమా. మూడోవాడు బావమరిది. అతను ఇంటర్వెల్‌లో పంపే సందేశాన్ని సగానికి సగం తగ్గించుకుని చదువుతాను. అపరిచితుల సమీక్షలు వంద చదవడం కన్నా, ఎవరి రుచి ఎటు వంగి ఉంటుందో తెలిసిన ముగ్గురిని అడగడం నయం.

సంక్రాంతి చిక్కు

పండక్కి లెక్క మారుతుంది. ఊరి నుంచి బంధువులు దిగుతారు, ఇంట్లో తొమ్మిది మంది ఉంటారు, నాలుగు సినిమాలు ఉంటాయి, అందరినీ తీసుకెళ్లగలిగేది ఒక్కదానికే. నిర్మాతల నిర్ణయాలు చిత్రంగా కనిపించేది కూడా ఇప్పుడే. 2023లో మైత్రీ మూవీ మేకర్స్ తమ రెండు సినిమాలను ఒక్క రోజు తేడాతో దింపింది: 12న "వీరసింహారెడ్డి", 13న "వాల్తేరు వీరయ్య". రెండింట్లోనూ శ్రుతి హాసనే కథానాయిక. తన దుకాణం పక్కనే తనే ఇంకో దుకాణం తెరిచినట్టు. అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పండగ నాలుగు రోజుల్లో జనం ఒకటికి రెండు సినిమాలు చూస్తారు, ఆ రెండో టికెట్టు కూడా తమ గల్లాలోనే పడాలన్న లెక్క కావచ్చు.

2025లో 10న "గేమ్ ఛేంజర్", 12న "డాకు మహారాజ్", 14న "సంక్రాంతికి వస్తున్నాం" వచ్చాయి. ఆఖరున వచ్చినదే పండగ గెలిచింది. 2023లోనూ వెనక వచ్చిన వీరయ్యదే పైచేయి. దాంతో "ఆఖరున వచ్చే సినిమాకే వెళ్లాలి" అని నేనొక సిద్ధాంతం తయారుచేసి అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. 2024 గుర్తుచేసి మా వదిన దాన్ని ఒక్క మాటలో పడగొట్టింది. ఆ ఏడాది 13న "సైంధవ్", 14న "నా సామిరంగ" వచ్చినా, 12న వచ్చిన "హనుమాన్"దే పండగ.

సిద్ధాంతం పోయింది గాని సలహా మిగిలింది. భోగి రోజున టికెట్లు తీయవద్దు, కనుమ సాయంత్రానికి తీయండి. అప్పటికి అన్ని సినిమాల టాక్ తేలిపోతుంది. తొమ్మిది మందిలో అందరికన్నా పెద్దవారికి నచ్చేది ఎంచుకోండి. కుర్రవాళ్లు మిగతావి తర్వాత ఎలాగూ చూసేస్తారు. మా అత్తగారికి నచ్చని సినిమాకు తీసుకెళితే మాత్రం ఆ మాట వచ్చే సంక్రాంతి దాకా వినాలి.

పిల్లలు ఉంటే ఇంకోటి చూసుకోవాలి. 2024 చివరి నుంచి సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లు పైబడినవారికంటూ మూడు రకాలుగా ఇస్తోంది. "సలార్", "హిట్ 3", "ఓజీ" పెద్దలకు మాత్రమే అనే "ఎ" సర్టిఫికెట్ సినిమాలు. పద్దెనిమిదేళ్ల లోపువారిని గేటు దగ్గర ఆపేస్తే ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు డబ్బు వెనక్కి రావడం కష్టం. టికెట్టు తీసే ముందు ఒక్క నిమిషం ఆ అక్షరం చూసుకోండి.

ఏ హాలు

జగదాంబ థియేటర్ పేరు ఊరి నడిబొడ్డుకే పేరైంది. సినిమా హాలు అంటే మన ఊరికి ఏమిటో చెప్పడానికి అదొక్కటి చాలు. పాత సింగిల్ స్క్రీన్లలో తెర పెద్దది, బాల్కనీ ముందు వరుసలో కూర్చుంటే చూపుకు అడ్డు ఉండదు, టికెట్టు తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల వరకు ఉన్న టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే 18 శాతమే. ఆ తగ్గింపు అందేది ఈ హాళ్లలోనే.

కానీ సింగిల్ స్క్రీన్లన్నీ ఒకలా ఉండవు. ప్రొజెక్టర్ దీపం పాతబడితే బొమ్మ మసకబారుతుంది. ఒక హాలులో "దేవర" చూశాను. కథలో ఎర్ర సముద్రం, తెర మీద నల్ల సముద్రం. రాత్రి దృశ్యాల్లో ఎవరు ఎవరిని కొడుతున్నారో దెబ్బల చప్పుడును బట్టి ఊహించుకున్నాం. కాబట్టి చీకటి దృశ్యాలు ఎక్కువున్న సినిమాకు, మాటల మీద నడిచే సినిమాకు మద్దిలపాలెం వైపో, బీచ్ రోడ్డు వైపో మల్టీప్లెక్సుకు వెళ్తాను. పాటలు, ఈలలు, పోరాటాలు ఉన్న పగటి వెలుతురు సినిమాకు దీపం బాగున్న సింగిల్ స్క్రీన్. ఆ దీపం సంగతి తెలుసుకోవాలంటే కిందటి వారం అదే హాలుకు వెళ్లినవారిని అడగాలి.

సీటు విషయంలో రిక్లైనర్ మీద నాకు మోజు లేదు. మ్యాట్నీలో అది నిద్రపుచ్చుతుంది. హాలు పొడవులో మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్లి నడిమధ్య కూర్చుంటే శబ్దం సరిగ్గా అందుతుంది. సాధారణంగా సౌండ్ మిక్సింగ్ చేసేవారు కూర్చునేది కూడా దాదాపు అక్కడే. పాప్‌కార్న్ ధర గురించి రాయను, రక్తపోటు ఉంది.

సగం కథ, పాత కథ

"పార్ట్ 1" అని ఉన్న సినిమాకు ఏం చేయాలి? "బాహుబలి" మొదటి భాగం 2015 జూలై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. కట్టప్ప ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నతో దేశాన్ని దాదాపు ఇరవై రెండు నెలలు కూర్చోబెట్టారు. అంతకు మించిన ప్రచారం నేను చూడలేదు, దానికి డబ్బు కూడా ఖర్చు కాలేదు. అయితే అది చూసి అందరూ పులి వాతలు పెట్టుకున్నారు. "సలార్" మొదటి భాగం 2023 డిసెంబర్ 22న వచ్చింది. రెండేళ్లు దాటినా రెండోది రాలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో నేను ఇప్పటికే మరిచిపోయాను. రెండో భాగం చిత్రీకరణ మొదలైందని తెలిస్తే మొదటి భాగాన్ని థియేటర్‌లో చూస్తాను. లేకపోతే ఓటీటీకి వదిలేసి, రెండోది వచ్చే వారం రెండూ వరసగా చూస్తాను. 2025 అక్టోబర్ 31న రెండు "బాహుబలి"లను కలిపి మూడు గంటల నలభై ఐదు నిమిషాలకు కుదించి "ది ఎపిక్" పేరుతో వేశారు. సగం కథలతో విసిగిన నాకు ఆ ఒక్క టికెట్టు బాగా గిట్టుబాటైంది.

2022లో "పోకిరి" ప్రత్యేక ఆటలతో ఊపందుకున్న రీ రిలీజుల సంగతి వేరు. అక్కడ సినిమా నెపం మాత్రమే. కాగితాలు ఎగురుతాయి, ప్రతి మాటా తెర కన్నా ముందు హాలే చెబుతుంది. మీరు ఆ సినిమా వచ్చినప్పుడు పాతికేళ్ల కుర్రవాడైతే తప్పక వెళ్లండి, సింగిల్ స్క్రీన్‌కే వెళ్లండి, పక్కన అప్పటి స్నేహితుడు ఉండేలా చూసుకోండి. సినిమాను మొదటిసారి చూడబోతున్న పిల్లలకు చూపించాలంటే మాత్రం సాయంత్రం ఆటలు వద్దు. మరుసటి రోజు మ్యాట్నీ ఉంటే దానికి తీసుకెళ్లండి, మాటలు వినబడతాయి.